ఉడికిన వడ్లు మొలిచిన చోట

ఊఁ కొట్టే గొంతు ఒక్కటున్నా చాలు, కథ కదులుతుందంటారు. మీరు ఊఁ కొట్టండి, నేను చెప్తాను. అనగా అనగా మిర్యాలగూడలో, సాగర్ కాలువ నీళ్లు తాగి పండిన వడ్లన్నీ లారీలెక్కి వచ్చి చేరే మిల్లుల బాట మీద, ఒక పాత ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. పక్క మిల్లుల్లో వడ్లు ఆరబెట్టడానికి యంత్రాలు వచ్చి ఏళ్లయినా, ఆ మిల్లులో మాత్రం ఎండ, గచ్చు, ఏడుగురు ఆడవాళ్ల పాదాలు ఆ పని చేసేవి.

తెల్లవారి బాయిలర్ కూయగానే ఉడికిన వడ్లు పొగలు కక్కుతూ గచ్చు మీదికి వచ్చేవి. వాటిని పలకలతో పరిచి, ఏడుగురూ వరుసగా నిలబడి, పాదాలు ఈడుస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాళ్లు. వాళ్ల వెనక వడ్లలో పద్నాలుగు సాళ్లు పడేవి. కాసేపటికి అడ్డంగా మళ్లీ పద్నాలుగు. ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని, కళ్లు మాత్రమే కనిపించేలా, ఎండ పడమటికి వాలేదాకా అదే నడక.

పని ముగిశాక ఒకరి ఒళ్లు ఒకరు దులుపుకోవడం అక్కడి పద్ధతి. వడ్ల నూగు దురద పెడుతుంది. పైగా గింజ ఒంటి మీద ఉండగా గేటు దాటితే వాచ్‌మన్ ఊరుకోడు. అందుకని ఇద్దరిద్దరుగా, ఒకచోట ముగ్గురుగా, ఎవరి జోడీ వాళ్లకు ఉండేది. కొంగు చేతికి చుట్టుకుని మెడ, వీపు, చంకల కింద, రవిక అంచు, కుచ్చిళ్లు అన్నీ జోడీయే దులిపేది. బక్కమ్మకు జోడీ ముఠా పెద్ద రేణుకమ్మ. పదిహేడేళ్లుగా ఆ జోడీ మారలేదు.

ఉడికిన గింజ చచ్చిన గింజ. మట్టిలో పూడ్చినా, నీళ్లలో నానేసినా అది మొలకెత్తదు. ఆ మిల్లులో మాత్రం ఎప్పుడైనా ఒకసారి మొలకెత్తేది, అదీ మనుషుల మీద. ఒంట్లో ఎక్కడ ఏది కొత్తగా వేరు పోసుకుంటే, సరిగ్గా దాని పైన, బట్టల మడతలో చిక్కుకున్న గింజ సాయంత్రానికి పచ్చగా తల ఎత్తేది. హమాలీ ఐలన్నకు నడుం తువ్వాలలో మొలిచింది. వారంలో అతని కిడ్నీలో రాయి బయటపడింది. అరుంధతికి కుచ్చిళ్ల దగ్గర మొలిచిననాడు ముఠా అంతా బెల్లం పంచుకుంది. నెల తప్పిన సంగతి ఆమె అత్తకు తెలిసింది ఆ తరువాతే. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకునేవాళ్లు కాదు. పొద్దున బాయిలర్ కూసినట్టే, అదీ ఆ మిల్లు అలవాట్లలో ఒకటి.

ముఠాకు ఇంకో అలవాటు ఉండేది. దాన్ని వాళ్లు 'బదులు' అనేవాళ్లు. ఎవరికైనా జ్వరమొచ్చినా, చుట్టాలింట్లో చావయినా, వాచ్‌మన్ పేర్లు పిలిచేటప్పుడు ఆమె పేరుకు ఇంకొకతె పలికేది. ఆమె సాళ్లు కూడా తానే నడిచేది. తువ్వాళ్లు చుట్టుకున్న ముఖాల్లో ఎవరు ఎవరో కనుక్కునే ఓపిక వాచ్‌మన్‌కు లేదు. అట్లా ఎవరి దినమూ పోకుండా ఏళ్లు గడిచాయి.

వానాకాలం వడ్లు వస్తున్న రోజుల్లో, డిసెంబరులో, రొమ్ము క్యాన్సర్ పరీక్షలు చేసే బండి మిల్లుల బాట మీదికి వచ్చింది. రెండు రోజులుంటామనీ, నొప్పి ఉన్నా లేకపోయినా ముప్పై దాటిన ప్రతి ఆడమనిషీ చూపించుకోవాలనీ, ముందే పట్టుకుంటే బతుకు నిలుస్తుందనీ మైకులో చెప్పారు. మిల్లు యజమాని కైలాసం సేటు గచ్చు దాకా వచ్చి, "అందరూ చూపించుకోండమ్మా. బాగున్నట్టు రాసిన కార్డులు తెచ్చి ఆఫీసులో ఇయ్యండి. ఏమన్న ఉన్నోళ్లు ఇంటికాడ రెస్టు తీసుకోండి, ఎండల ఎందుకు కష్టపడుడు," అన్నాడు. ఆయన దయతోనే అన్నాడు. ఆ మాట విన్న ఆడవాళ్లకు మాత్రం కార్డు లేనివాళ్లకు పని లేదనే అర్థమయింది.

మధ్యాహ్నం అన్నం గిన్నెల దగ్గర అదే చర్చ.

"నాకైతే సిగ్గు. ముగ్గురు పిల్లల్ని కన్న, మా ఆయనే ఎలుగుల సూడలే," అంది ఒకతె.

"ఇప్పుడు మాత్రం ఏం సూస్తడులే, ముసలోనికి సత్వారం వచ్చె," అంది ఇంకొకతె. అందరూ నవ్వారు.

"బదులు నేను నిలబడ్త," అంది రేణుకమ్మ. "నాకేం లేదని నాకెర్క. నర్సులు ముగ్గురున్నరు, గంటకొకలు మారుతున్నరు. తువ్వాల మార్చుకుంట పోత. ఏడు పేర్లకు ఏడు కార్డులు తెస్త. ముఠా ముఠాగ ఉంటది."

అందరూ ఒప్పుకున్నారు, బక్కమ్మ తప్ప.

"నేను పోతక్కా," అంది బక్కమ్మ. ఆమె తల్లి రొమ్ములో పుండుతో పోయింది. ఎవరికీ చెప్పకుండా పసుపు అద్ది, మీద గుడ్డ కట్టి, రెండేళ్లు దాచింది. వాసన దాచలేకపోయిన రోజున దవాఖానకు తీసుకుపోతే, డాక్టరు గుడ్డ విప్పి చూసి మళ్లీ కట్టేశాడు. ఆ గుడ్డ విప్పినప్పుడు పక్కనే నిలబడి ఉన్నది బక్కమ్మ.

రేణుకమ్మ ఆమె పక్కకు జరిగి కూర్చుంది. "పోతే పో. ఏమన్న ఉన్నదంటే రేపటి సంది నువ్వు ఇంట్ల, నేను గీడ. ఏమే బక్కీ, రోజూ నీ ఒళ్లు దులిపేది ఎవలు? నేనే గద. నీకేమన్న అయితే మొలవదా? మొలిస్తే ఫస్టు ఎవలకు ఎర్కయితది? నాకే గద. గా మిషినీ కన్న ముందు నేనే చెప్త. నామీద నమ్మకం లేదా?"

ఉంది. బక్కమ్మకు పిల్లలు లేరు. భర్త పోయినప్పుడు నలభై రోజులు తన ఇల్లు వదిలి వచ్చి, ఆమె పక్కన చాప వేసుకుని పడుకున్నది రేణుకమ్మ. అన్నం ముద్ద కలిపి నోట్లో పెట్టింది. దేవుడి మీద అప్పుడప్పుడు అనుమానం కలిగిందేమో గాని, ఆ చేతి మీద బక్కమ్మకు ఏనాడూ కలగలేదు. ఆమె బండి దగ్గరికి పోలేదు. ఏడు కార్డులు వచ్చాయి. ఏడింటి మీదా ఏమీ లేదనే రాసి ఉంది. సేటు వాటిని ఆఫీసు గోడకు వరుసగా గుచ్చాడు.

చలి పోయింది. యాసంగి వడ్లు రావడం మొదలయింది. బక్కమ్మ రోజూ నడిచింది, రోజూ చేతులెత్తి నిలబడింది, రేణుకమ్మ రోజూ దులిపింది. రేణుకమ్మ కుడి బొటనవేలి గోరు ఎప్పుడూ పచ్చగా ఉండటం బక్కమ్మ గమనించింది. గోంగూర తుంచిందేమో అనుకుంది. తన రవికలకు ఎడమ పక్క పచ్చటి మరకలు పడి ఎంత రుద్దినా పోకపోతుంటే, సబ్బును తిట్టుకుంది.

ఏప్రిల్‌లో కోదాడలో ఉన్న కూతురింటి పెండ్లి పనికని రేణుకమ్మ మూడు రోజులు వెళ్లింది. ఆ మూడు రోజులకు బక్కమ్మను దులిపే పని అరుంధతికి వచ్చింది. మొదటి రోజు సాయంత్రం అరుంధతి వీపు దులిపి, చంక కిందికి వచ్చి, ఎడమ రవిక అంచు దగ్గర చేయి ఆపింది.

"చిన్నమ్మా, నీకు ఎడమ దిక్కు మొలిచింది."

చెప్పడంలో ఆమె గొంతు పెంచలేదు. కుట్టు మడతలోంచి గోరంత మొలక, రెండాకులతో, ఎండలోకి తల వంచి ఉంది.

బక్కమ్మ చేతులు అట్లాగే ఎత్తి నిలబడింది. "ఇయ్యాల్నే మొలిసిందా?"

అరుంధతి రవిక అంచును వెలుతురుకు తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. "ఇది ఇయ్యాల్టిదే. కానీ దీని పక్కన పాత వేర్లున్నయ్. బట్టలకు నాటుకపోయినయ్. మొలకలు లేవు. ఎవలో గిల్లినట్టున్నది." తరువాత మెల్లగా, "నీకు తెల్వదా?" అంది.

బక్కమ్మ ఇంటికి పోయి రవికలన్నీ మంచం మీద పరిచింది. నాలుగింటికీ ఎడమ పక్క ఒకే చోట మరకలు. మడతలు విప్పితే సన్నటి ఎండు వేర్లు, దారపు పోగుల మధ్య పోగుల్లా. ఒక్కొక్క మరక దగ్గర గోరు గుచ్చుకున్న గీత. చేయి ఎవరిదో ఆమెకు తెలుసు. తెలిసినా, తెలిసిన దాన్ని మనసు లోపలికి రానివ్వడానికి ఆమెకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ గచ్చు మీద నడుస్తూ, మొలక చూసినప్పుడల్లా రేణుకమ్మ ముఖం ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకుంది. వెనక నిలబడి ఏవో కబుర్లు చెప్తూనే గిల్లి ఉంటుంది. నవ్వించిన రోజు కూడా గిల్లి ఉంటుంది.

నాలుగో రోజు రేణుకమ్మ పెండ్లి లడ్డూలు పట్టుకుని వచ్చింది. కోదాడ బంధువుల మాటతీరును అనుకరించి అందరినీ నవ్వించింది. సాయంత్రం చేతికి కొంగు చుట్టుకుని బక్కమ్మ వెనక్కు వచ్చింది.

"గోరు సూపియ్యక్కా," అంది బక్కమ్మ, తిరిగి నిలబడి.

"ఏం గోరే?"

"ఎన్ని నెలల సంది?"

రేణుకమ్మ చేతికి చుట్టుకున్న కొంగు విప్పింది. మిగతా అయిదుగురూ ఒకరినొకరు దులుపుకుంటూనే చెవులు ఇటు పెట్టారు.

"క్రిస్మస్ పోయినంక," అంది చివరికి.

"నాలుగు నెలలు."

"మొదటిసారి సూసిననాడే చెప్దామనుకున్ననే. నోటిదాక వచ్చింది. గోడకు కార్డులున్నయ్. నీ కార్డు అబద్ధమంటే ఏడూ అబద్ధాలైతయ్. సేటు అందర్నీ బయటికి పంపుతడు. నీ ఒక్కదాని కోసం ఆరిండ్ల పొయ్యిలు..."

"నా ఒక్కదాని కోసం," అంది బక్కమ్మ.

"గట్ల కాదే. రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న. గిల్లితే తగ్గుతదేమో అని గూడ అనుకున్న. మల్ల మొలిసింది. మల్ల గిల్లిన."

"మా అమ్మ గుడ్డ కట్టుకున్నది నీకెర్క. నీకే చెప్పిన. ఇంకెవ్వలకు చెప్పలే," అంది బక్కమ్మ. "మా అమ్మ తన పుండు తానే దాసుకున్నది. నా పుండు నువ్వు దాసినవ్. నేను దవాఖానకు పోతనంటే, ఫస్టు నీకే ఎర్కయితది, నువ్వే చెప్తనంటివి. గా మాట మీద నేను ఆగిన."

"బక్కీ..."

"నువ్వు చెప్పకున్నా మంచిగనే ఉండె. చెప్తనని ఎందుకన్నవ్?"

బక్కమ్మ దులుపుకోకుండానే గేటు వైపు నడిచింది. వాచ్‌మన్ ఆమె ఒంటి మీది గింజలు చూశాడు, ఆమె ముఖం చూశాడు, గేటు తీశాడు.

మరునాడు ఆమె ఒంటరిగా సూర్యాపేట బస్సెక్కింది. తెలిసిన ముఖం కనిపించని దవాఖానకే పోవాలనిపించింది. అక్కడ కరుణ అనే నర్సు పేరు, ఊరు అడిగి కంప్యూటర్‌లో చూసింది.

"డిసెంబర్‌లో చూపించుకున్నరు కదమ్మా. అంతా నార్మల్ అని ఉంది. ఇప్పుడు నొప్పి ఏమన్న ఉందా?"

"లేదమ్మా."

కరుణ ఆమెను తెల్ల దుప్పటి పరిచిన బల్ల మీద పడుకోబెట్టి, వేళ్ల కొసలతో నెమ్మదిగా, గుండ్రంగా తడిమింది. రెండుసార్లు తడిమింది. చేతికి ఏమీ తగల్లేదు. తల్లికి ఈ జబ్బు ఉండేదా అని అడిగి, రాసుకుంటూ ఆగింది. "నాలుగు నెలల కిందనే బాగుంది కాబట్టి భయపడకండి. మళ్లీ డిసెంబర్‌కు..."

బక్కమ్మ పైకప్పు చూస్తూ ఉంది. డిసెంబరులో పరీక్ష చేయించుకున్నది నేను కాదు అంటే చాలు. అంత చిన్న మాట. ఆ మాట అంటే ఏడు కార్డులూ గోడ నుంచి దిగుతాయి. అరుంధతికి ఇంకా పాలు మరవని బిడ్డ ఉంది. అన్నింటికన్నా ఆమెను బాధించింది ఇంకొకటి. ఇంత జరిగాక కూడా, రేణుకమ్మ పేరు చెడిపోతుందన్న జంకు తన నాలుకను పట్టి ఆపుతోంది. మోసపోయిన తానే మోసాన్ని కాపాడుతోంది. లేచి, రవిక వేసుకుని, ఇంటికి పోవడానికి ఆమె చేయి చాచింది.

అప్పుడు చర్మానికి అంటుకుని ఉన్న ఒక గింజ, నిన్న దులపకుండా వచ్చినప్పటి గింజ, ఎడమ రొమ్ము పక్కన, కాస్త పైన, పగిలింది. తెల్లటి మొన బయటికి వచ్చింది. వాళ్లిద్దరూ చూస్తుండగానే అది పచ్చబడి, రెండాకులు విప్పింది.

కరుణ తల్లి నేరేడుచర్లలో ఒక మిల్లులో పనిచేసిన మనిషి; మిర్యాలగూడ మొలకల సంగతి తల్లి నోట ఆమె వినే ఉంది. కరుణ జేబులోంచి పెన్ను తీసి, మొలక చుట్టూ చర్మం మీద చిన్న సున్న గీసింది. ఆ తరువాతే మొలకను వేళ్లతో మెల్లగా ఊడదీసి, తడి దూదిలో పెట్టి, బక్కమ్మ అరచేతిలో ఉంచింది.

"ఇక్కడే ఫొటో తీయిస్త," అంది. "అమ్మా, ఆ డిసెంబర్ కార్డు ఎవరిది?"

అరచేతిలో మొలక బరువు లేనట్టే ఉంది. నాలుగు నెలల తరువాత, దాన్ని గిల్లకుండా తన చేతికి ఇచ్చిన మొదటి మనిషి ఈ పరాయి పిల్ల. బక్కమ్మకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పింది.

"ఏడు కార్డులున్నయమ్మా. ఏడూ ఒక్క మనిషివి."

ఫొటోలో సున్న కింద, చేతికి అందని లోతులో, బియ్యపు గింజంత తెల్లటి చుక్క ఉంది. సూదితో చూశారు, క్యాన్సరే. హైదరాబాదుకు రాశారు. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి రొమ్ము తీసేయకుండా గడ్డ వరకే తీశారు. ఆపైన కొన్ని వారాలు రేడియేషన్ కరెంటు పెట్టారు, మందులు ఇచ్చారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే మనం వేరే మాటలు మాట్లాడుకోవలసి వచ్చేదని అక్కడి డాక్టరమ్మ అంది. బక్కమ్మకు ఆ వేరే మాటలు తెలుసు.

ఈలోగా కరుణ మిర్యాలగూడ బండి వాళ్లతో మాట్లాడి, బండిని మళ్లీ మిల్లు ముందుకు రప్పించి, తానూ వచ్చింది. కైలాసం సేటుతో ఆఫీసులో అరగంట కూర్చుంది. ఆయన, "నేను మంచికే అన్ననమ్మా," అన్నాడు. "మంచికే అన్నరు. కానీ ఆ మాటకు భయపడే వీళ్లు బండి ఎక్కలేదు," అంది కరుణ. ఆయన లేచి, గోడ మీది కార్డులన్నీ తన చేత్తో పీకాడు. చూపించుకున్న వాళ్లెవరికీ, ఏం బయటపడినా, పని పోదని గచ్చు మీదికి వచ్చి ముఠాకు చెప్పాడు. వాళ్లు వెంటనే నమ్మలేదు. ఆయన భార్య కన్యక ముందుగా బండి ఎక్కి దిగాక, అరుంధతి లేచింది. ఆమె వెనక మిగతావాళ్లు లేచారు. ఈసారి ఎవరి ఒళ్లు వాళ్లే తీసుకుపోయారు. తువ్వాళ్లు విప్పి, ముఖాలు కనబడేలా వరుసలో నిలబడ్డారు. ఒకామెను మళ్లీ ఆరు నెలలకు రమ్మన్నారు. మిగతావాళ్లకు ఏమీ లేదు. పాత కార్డుల్లో నిజమైనది ఒక్క రేణుకమ్మదే.

బక్కమ్మ వైద్యం ముగించుకుని వచ్చిన వారంలో రేణుకమ్మ ఆమె ఇంటికి వెళ్లింది. స్టీలు గిన్నెలో చింతచిగురు పప్పు తెచ్చింది, బక్కమ్మకు ఇష్టమని. బక్కమ్మ తలుపు తీసింది, గిన్నె అందుకుంది, లోపలికి రమ్మనలేదు.

"ఎట్లున్నదే పానం?" అంది రేణుకమ్మ గడప అవతల నుంచి.

"మంచిగనే ఉన్నది."

"తిట్టరాదే. ఒకసారి తిట్టు, వింట."

"తిట్టనీకి ఏం లేదక్కా. ఎండల పడకు, ఇంటికి పో."

తెచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకపోవడం ఆ వాడలో పద్ధతి. బెల్లం ముక్కో, నాలుగు పచ్చిమిరపకాయలో, ఏమీ లేకపోతే పిడికెడు ఉప్పో వేసి ఇస్తారు. మరునాడు అరుంధతి చేత రేణుకమ్మకు ఆ గిన్నె చేరింది. తోమి, తుడిచి, తళతళలాడుతూ ఉంది. లోపల ఏమీ లేదు.

రేణుకమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ నెలాఖరుకు ముఠా పెద్దరికం అరుంధతికి అప్పగించి, కోదాడలో కూతురింటికి వెళ్లిపోయింది. బక్కమ్మ ఇప్పటికీ మిర్యాలగూడలోనే ఉంది. సంచులు కుట్టే పని చేస్తుంది, ఏడాదికోసారి సూర్యాపేట పోయి చూపించుకుని వస్తుంది. ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు.

కోదాడలో మనవరాలు కథ చెప్పమని అడిగితే, ముసలమ్మ రాజులనూ రాక్షసులనూ పక్కన పెట్టి ఇదే చెప్పేది. ఆ మొలకలు గిల్లిన ఆడమనిషి వంతు వచ్చినప్పుడు పేరు మార్చి చెప్పినా అడిగేవాళ్లెవరూ లేరు. ఒక్కసారి కూడా మార్చలేదు. ఈ కథ నాకు మొదట చెప్పింది ఆమే: మా అమ్మమ్మ, రేణుకమ్మ.